గొంతుకు పట్టాదారు పాసుపుస్తకం

అమెరికన్ గాయని మరియా కేరీ గొంతు విస్తీర్ణం ఐదు ఆక్టేవ్‌లని ఈ వారం ఆమె అభిమానులెవరో నాకు మళ్లీ తెలియజేశారు. అడగకపోయినా తెలియజేయడమే ఈ సమాచారం ప్రత్యేకత. ఈసారి పటం కూడా జతచేశారు. అడుగున పియానో మెట్లు, వాటి మీదుగా ఎర్ర గీత, గీతకు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి హద్దురాళ్లు. ఇక అడంగల్‌లోనో పహాణీలోనో ఎక్కించి మండల సర్వేయరు చేత సంతకం పెట్టించడమే మిగిలింది.

సంగతి గంభీరమైనది కనుక గంభీరంగానే చూద్దాం. ఆక్టేవ్ అంటే మన స్థాయి. కింది షడ్జం నుంచి పై షడ్జానికి చేరితే ఒక స్థాయి, అక్కడ కంపనాల సంఖ్య రెట్టింపవుతుంది. మనవాళ్లు మంద్ర, మధ్య, తార స్థాయిలని మూడు చెప్పుకున్నారు గానీ కీర్తనలను చాలావరకు మంద్ర పంచమానికీ తార పంచమానికీ మధ్యనే సర్దేశారు. అంటే రెండు స్థాయిలు. త్యాగరాజస్వామి ఆ రెండింటితోనే కాలక్షేపం చేశారు. పటాలు గీసేవారు అప్పటికింకా పుట్టలేదు కాబట్టి ఆయన పరువు దక్కింది.

అసలు పేచీ హద్దుల దగ్గర. పాట చివర గాయని అలసి విడిచిన నిట్టూర్పును స్వరంగా లెక్కించాలా, వద్దా? లెక్కిస్తే కింద అర స్థాయి కలిసివస్తుంది. నవ్వు, మూలుగు, దగ్గు ఏ ఖాతాలోకి వస్తాయి? ఈ విషయమై అభిమానులు రెండు వర్గాలుగా చీలి, కక్షిదారుల పట్టుదలతో వాదించుకుంటున్నారు. పై హద్దు దగ్గర గొడవ ఇంకా పెద్దది. 1991లో వచ్చిన ‘ఎమోషన్స్’ పాటలో ఆమె ఈల లాంటి స్వరాలు పలికింది. పియానోలో కుడి చివరి మెట్లు ఉండే చోటు అది. ఆ ఎత్తున ‘అ’కూ ‘ఇ’కీ తేడా చెవికి తెలియదు. ఆ స్వరాలను ఆమె శుభ్రంగా, శ్రుతి చెదరకుండా పలికింది, అది సామాన్యమైన విద్య కాదు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా టేపు పట్టుకుని వెనకాల తిరిగేవారి మీద.

విస్తీర్ణమే గొప్పదనమైతే కిరీటం టిమ్ స్టార్మ్స్ అనే అమెరికన్‌కు దక్కాలి. ఆయన పలికిన 0.189 హెర్ట్జ్ (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం) స్వరాన్ని గిన్నిస్ వారు 2012లో రికార్డుగా నమోదు చేశారు. మనిషి చెవికి వినికిడి సుమారు 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆయన స్వరం ఒక్కసారి కంపించి రావడానికి అయిదు సెకన్ల పైనే పడుతుంది. ఈలోగా శ్రోత తుమ్మి, ముక్కు తుడుచుకుని, పక్కవారికి క్షమాపణ చెప్పుకోవచ్చు. వినబడని పాటకు వన్స్‌మోర్ ఎప్పుడు కొట్టాలన్నదే చిక్కు.

ఇక, ఇలాంటి పాట వింటూ తన స్పందనను చిత్రీకరించి పెట్టే నిపుణుడి వీడియో. ఈ పాటను జీవితంలో మొదటిసారి వింటున్నానని ఆయన ప్రమాణం చేసి మొదలుపెడతాడు. ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతా మోగిన పాట ఈ ఒక్క స్వరశాస్త్ర నిపుణుడి చెవినే పడలేదు. హెడ్‌ఫోన్లు తగిలిస్తాడు. గాయని ఊపిరి తీసుకుంటుంది. ఆపేస్తాడు. “ఆ ఊపిరి గమనించారా!” అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. గమనించాం నాయనా, బతికున్నవాళ్లందరూ చేసే పనే. మళ్లీ నొక్కుతాడు. ఒక మాట వినబడుతుంది. మళ్లీ ఆపేస్తాడు. స్వరం ఛాతీలోంచి తలలోకి ఏ మలుపు దగ్గర ఎక్కిందో వేలితో గాలిలో చూపిస్తాడు. కళ్లు చెమరుస్తాయి, అది మనకు కనబడేలా కెమెరాకు దగ్గరగా జరుగుతాడు. తర్వాత ఆ స్వరం ఎలా పలకాలో తానే చూపించబోతాడు. గొంతు జీరపోతుంది. సీసా ఎత్తి నీళ్లు తాగి, ఈ రోజు గొంతు ఇంకా వేడెక్కలేదంటాడు. నాలుగు నిమిషాల పాట నలభై నిమిషాలకు ముగిశాక, ఆయన నడిపే శిక్షణ తరగతుల ఫీజు వివరాలు వస్తాయి. మనమేమీ తక్కువ తినలేదు. బాలసుబ్రహ్మణ్యం గుక్క తిప్పుకోకుండా పాడిన చరణంలో ఊపిరి ఎక్కడ దాచారో చెవులు రిక్కించి వెతికే గూఢచారులు మనలోనూ ఉన్నారు. ఆ చరణంలో మాటలేమిటని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. 2016 డిసెంబరు 31 అర్ధరాత్రి ముందు, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో, ఆరుబయట చలిలో అదే మరియా కేరీ వేదికెక్కింది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌పీస్‌లో ఏమీ వినబడటం లేదని చెబుతూ ఆమె పాడటం ఆపేసి అటూ ఇటూ నడుస్తుంటే, ముందే రికార్డు చేసిన ఆమె గొంతు స్పీకర్లలోంచి వస్తూనే ఉంది. ఆ వీడియో పంచుకుని పండగ చేసుకున్నవారిలో ఐదు ఆక్టేవ్‌ల పటం గీసినవారూ ఉన్నారు. గొంతు కుంచించుకుపోయిందని మర్నాటికల్లా కొత్త కొలతలు వచ్చాయి. ఆడమనిషి గొంతు వయసుతో మారితే మీ సొమ్మేమైనా పోయిందా? ఆమె మీకు ఈల స్వరం బాకీ పడిందా?

పోనీ, ఇంకో పేరు చెబుతాను. బిల్లీ హాలిడే, అమెరికన్ జాజ్ గాయని. గొంతు పరిధి ఒక ఆక్టేవ్‌కు కాస్త పైన, అంతే. గాయనీమణులను మార్కుల ప్రకారం వరసపెట్టిన ఒక పట్టికలో ఆమె బాగా అడుగున కనబడింది. అమెరికాలో తెల్లవారి మూకలు ఉరితీయగా కొమ్మలకు వేలాడుతున్న నల్లజాతివారి శవాల గురించి 1939లో పాడిన మనిషి ఆమె. ఉరితాడు బిగిసిన మెడల గురించి పాడుతున్న గొంతుకు టేపు పట్టడానికి చేతులెలా వచ్చాయి మీకు? ఆ పాటను రికార్డు చేయడానికి కొలంబియా కంపెనీ, అమెరికా దక్షిణాది రాష్ట్రాల దుకాణదారులకు జడిసి, ఒప్పుకోలేదు. ఆ పిరికివాళ్లకు కనీసం ఆ గొంతు ఏం చేయగలదో అర్థమైంది. పట్టిక రాసిన పెద్దమనిషి మాత్రం ఆమెకు పై స్థాయి అందదని గడిలో నమోదు చేసి, తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు.