బహురూపధారి యూజర్ మాన్యువల్ గారికి మనవి

కందుకూరు.
(జిల్లా పేరు వ్రాయకపోవడానికి కారణం లేఖలోనే ఉంది.)

మహారాజశ్రీ యూజర్ మాన్యువల్ గారి సముఖమునకు,

ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో ఆరేళ్లుగా తమ వ్రాయసకాడిగా ఉన్న నేను నమస్కరించి విన్నవించుకొనునది. ముందుగా తమ క్షేమం అడగడం మర్యాదే గానీ, తమలో ఎవరి క్షేమం అడగాలో తెలియడం లేదు. ఈ ఉదయం మా ఉమ్మడి ఫోల్డరులో లెక్కపెడితే తమరు పదకొండు మంది తేలారు. 'కొత్తది', 'కొత్తది సరిచేసినది', 'ఫైనల్', 'ఇదే ఫైనల్', చివరగా 'అయ్యగారు చూసినది'. అయ్యగారు నిజంగా చూసినది ఏదో అయ్యగారికే గుర్తు లేదు.

తమ పుట్టుక మాత్రం ఒక్కటే. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేరు మొదట ఒక్కటిగానే ఉండేది. చీమకుర్తి గ్రానైట్ వారు పలకలను చదరపు అడుగుల్లో కొలుస్తారు గనుక వారికోసం 2.6 వెర్షను అనే పాయ చీలింది. నెల్లూరు ధాన్యం వ్యాపారులకు పుట్టి లెక్క కావాలి, అదీ పుట్టికి 850 కిలోల చొప్పున కావాలి గనుక, వారికోసం 3.1 పుట్టింది. ఆపైన ఎవరి మీటలు వారివి, ఎవరి పెట్టెలు వారివి అయిపోయాయి. తమరు మాత్రం ఇంకా ఉమ్మడి కాపురమే అన్న భ్రమలో, ఒకరి పుటలు ఒకరు అరువు తెచ్చుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు.

పోయిన నెల తమలో ఒకరిని చీమకుర్తికి పంపాను. గుమాస్తా గారు పద్నాలుగో పుట ముందు పెట్టుకొని, నలభై రెండు పలకల పొడవు, వెడల్పు ఓపికగా ఎక్కించి, అందులో ఉన్నట్టే 'సరిచూసుకొని ఎఫ్8 నొక్కండి, బిల్లు భద్రమవుతుంది' అన్న మాట నమ్మి నొక్కారు. 3.1లో ఆ మీట బిల్లును భద్రపరుస్తుంది; 2.6లో రద్దు చేస్తుంది. పద్నాలుగో పుట 3.1ది. అంతటితో ఆగక అదే పుటలో 'పరిమాణం పెట్టెలో పుట్ల సంఖ్య నింపండి' అని కూడా తమరు సెలవిచ్చి ఉన్నారు. "ఏందబ్బాయ్, రాయిని పుట్ల లెక్కన అమ్మమంటావా?" అని ఆయన ఫోనులో అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఇక జిల్లా సంగతి. మా ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అన్న పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఊరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది. మా ఇనప్పెట్టె తెరిస్తే తాతగారి దస్తావేజులో ఒక జిల్లా, నా పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంకొక జిల్లా కనిపిస్తాయి. ఇంటి గోడ మాత్రం అంగుళం కదలలేదు. అయినా ఏ కాగితమూ అబద్ధం కాదు, ఎందుకంటే ప్రతి కాగితం మీదా తేదీ ఉంది. తమ పదకొండు అవతారాల్లో ఒక్కదాని అట్ట మీదనైనా ఏ వెర్షనుకు చెందినవారో వ్రాసి ఉందేమో సెలవివ్వండి.

చేతకాని పనేమీ కాదు. పైథాన్ అనే ప్రోగ్రాములు వ్రాసే భాషకు 2008 డిసెంబరులో 3.0 వచ్చినా, పాత 2.7కు సంరక్షణ 2020 జనవరి 1 దాకా సాగింది. అన్నేళ్లూ రెండు పాయలూ పక్కపక్కనే నడిచాయి. వారి పత్రాల్లో ప్రతి పుట నెత్తినా వెర్షను సంఖ్య ఉంటుంది, అక్కడే మరో వెర్షనుకు మారే వీలూ ఉంటుంది. ఫలానా సౌకర్యం 3.8లో చేరిందన్న ముక్క ఆ సౌకర్యం కిందనే ఉంటుంది. మా కుర్రవాళ్లు కూడా ప్రోగ్రామును గిట్‌లో, అంటే ప్రతి మార్పునూ పద్దు వ్రాసి దాచే ఏర్పాటులో, ఏ పాయకు ఆ పాయగా, పట్టుపరుపు మీద పడుకోబెట్టి, తమరిని మాత్రం వర్డు ఫైలుగా వసారాలో కూర్చోబెట్టారు. తమ మకాం కూడా ఆ పాయల్లోకే మార్చి, ఎఫ్8 పని మార్చినవాడే ఎఫ్8 పుటను కూడా అదే పూట మార్చాలని నియమం పెట్టమని అయ్యగారిని వేడుకున్నాను.

ఒకే గ్రంథంలో అందరినీ ఇమిడ్చే ప్రయత్నమూ చేశాను. 'తమది 2.6 అయితే ఇది, 3.1 అయితే అది, 3.1లో పాత ప్రింటరు అయితే మరొకటి' అంటూ సాగిన వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు నాకే గుర్తు లేదు. అందుచేత బ్యాకప్పు, జీఎస్టీ అధ్యాయాలు ఉమ్మడిగా ఒక్కసారే వ్రాసి రెండు పుస్తకాల్లోనూ పెట్టి, మీటలు, కొలతలు పంచి ఇచ్చేశాను. ఉమ్మడి అధ్యాయంలో తప్పు దొరికితే రెండు ఇళ్లకూ మోసుకువెళ్లి దిద్దే చాకిరీ మాత్రం నాకు తప్పలేదు.

మొన్న తమ కొత్త అట్ట మీద 'ఇది 2.6కు మాత్రమే' అని పెద్ద అక్షరాల్లో వేయించి చీమకుర్తికి పంపాను. గుమాస్తా గారు సంతోషించి, "మరి నా కంప్యూటర్లో ఉండేది ఎంతో ఎట్టా తెలుస్తది?" అని అడిగారు. హెల్పులో 'వెర్షను వివరం' నొక్కండి, మూడో పుటలో బొమ్మతో సహా వేశాను అన్నాను. 2.6లో ఆ మీటే లేదట.

ఇట్లు,
తమ వ్రాయసకాడు