ఎండను లెక్కచేయని సరస్సు గారికి

సరస్సు గారికి,

మీ ఒడ్డున ఇల్లు కట్టుకున్న పెద్దాయన గారి అల్లుణ్ణి. పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ ఇచ్చారని అమ్మమ్మ, తాతయ్యల దగ్గరికి అందరం వచ్చాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. చెట్లు చిగుళ్ళు వేశాయి. స్వెట్టర్లన్నీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి. వసంతం వచ్చిందని ఊరూవాడా ఒప్పుకుంది, మీరు తప్ప. మీరింకా జనవరి దాటి రాలేదు.

పైకి మాత్రం ఆ సంగతి పొక్కనివ్వరు. తళతళా మెరుస్తూ ఫోటోలకు పోజులిస్తారు. ఆ ఫోటోలే మా అత్తయ్యగారు ఫ్యామిలీ గ్రూపులో పెడతారు, 'నీళ్ళు ఎంత బాగున్నాయో చూడండర్రా' అని. ఫోటోలో టెంపరేచర్ కనబడదు కాబట్టి మీ పరువు దక్కుతోంది. వాటిని చూసి మా చిన్నది ఇంటి దగ్గరే ఈత డ్రెస్సు వేసుకుని కారెక్కింది. దిగీ దిగగానే చెప్పులో పక్కకి, టవలో పక్కకి విసిరేసి, మోకాళ్ళ దాకా మీలోకి దిగి, అక్కడే కొయ్యబారిపోయింది. నోరు తెరిచింది గానీ కేక రాలేదు. కాసేపటికి ఒడ్డుకొచ్చి, కాలి వేళ్ళ వంక అవి తనవేనా అన్నట్టు చూసుకుని, 'ఎండ ఉంది కదా నాన్నా!' అంది. తిట్లు నాకు పడ్డాయి. జవాబు చెప్పాల్సింది మీరు.

మీకేం, మా మామయ్యగారే మీ తరఫు వకీలు. ఒడ్డున కుర్చీ వేసుక్కూర్చుని పొద్దున్నించీ వాదిస్తున్నారు. 'నీళ్ళు వేడెక్కడమంటే మాటలా బాబూ? కిలో ఇసుక ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడికి అయిదింతలు కావాలి కిలో నీళ్ళకి. అందులోనూ శీతాకాలమంతా గడ్డకట్టి ఉందాయె! కిలో మంచు కరగడానికి పట్టే వేడితో, ఆ కరిగిన నీళ్ళనే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు' అన్నారు. వాదన బాగానే ఉంది. నాకర్థమైంది మాత్రం ఒకటే. మీది సర్కారీ ఆఫీసు. సూర్యుడు మార్చిలో పెట్టుకున్న దరఖాస్తు మీ దగ్గర జూలై, ఆగస్టుల్లో గానీ మంజూరు కాదు. జూన్ 21న, ఏడాదంతటికీ పెద్ద పగలు నాడు, ఆయన స్వయంగా వచ్చి నెత్తిమీద నిలబడినా మీది 'పరిశీలనలో ఉంది' అనే మాటే.

పోనీ పైపైన చేరిన కాస్త వెచ్చదనమైనా మాకు మిగిలిస్తారా అంటే అదీ లేదు. నీళ్ళు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గరట. మంచు కరిగిన కొత్తలో పై నీళ్ళు సున్నా నుంచి నాలుగుకి ఎక్కుతుంటే, ఎక్కిన నీళ్ళు ఎక్కినట్టే బరువెక్కి కిందకి దిగిపోతాయి. పైనించి అడుగు దాకా అంతా ఒకే చలి అయ్యాక గాలి వచ్చి మొత్తాన్ని కలియబెడుతుంది. మేము ఒడ్డున ఎండకి వీపు కాచుకుంటూ మీరు వెచ్చబడతారని చూస్తుంటే, మీరు లోపల సరుకంతా కిందికీ పైకీ మార్చుకుంటూ ఉంటారన్నమాట. ఆ తిరగబోతతోనే అడుగున చేపలకి ప్రాణవాయువు అందుతుందని మామయ్యగారు అంటారు. సంతోషం. చేపలు ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. మాకు దొరికింది ఒక్క వారం.

సరస్సుల శాస్త్రానికి ఆద్యుడని పేరున్న ఫోరెల్ అనే స్విట్జర్లాండ్ ఆయన, ఒక్క జెనీవా సరస్సు మీదే 1892 నుంచి 1904 దాకా మూడు సంపుటాలు రాశాడట. ఈ వారం చూశాక ఆయన మూడింటితో ఎలా సరిపెట్టాడా అని నా అనుమానం.

నీళ్ళలోకి రానివ్వకపోతే మానె, ఒడ్డున కూడా కూర్చోనివ్వరేం? నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారు ముచ్చటపడి భోజనాలు బయట గడ్డిలో పెట్టించారు. మీరు అందాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, సరిగ్గా వడ్డనలయ్యే వేళకి గాలి తోలారు. నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి మీ మీది చల్లగాలి వస్తుంది, సహజమే. కాగితం ప్లేట్లు కూడా సహజంగానే లేచి పక్కింటి కంచె దాకా వెళ్ళాయి. రెండు వీధులు అవతల జనం చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. ఇక్కడ మేము దుప్పటి కప్పుకుని అన్నం తిన్నాం.

ఆ చల్లగాలితో మీరు చేసే అసలు మోసం వేరే ఉంది. ఒంటికి ఎండ తెలియనివ్వరు. చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలకి వెచ్చదనంతో పనిలేదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదే లెక్క. ఏప్రిల్ మధ్యలో ఆయన ఉండే ఎత్తూ, ఆగస్టు చివర్లో ఉండే ఎత్తూ దాదాపు ఒకటే. ఆగస్టులో ఎవరూ చెప్పకుండానే సన్‌స్క్రీన్ రాసుకుంటారు. ఇప్పుడు రాసుకోమంటే మా బావమరిది, 'ఈ చలిలో అదెందుకు బావా?' అని నవ్వాడు. కాలడం అప్పటికప్పుడు కనబడదు కదా, రాత్రికి మొదలై మర్నాటికి ముదిరింది. ఇప్పుడు కళ్ళజోడు ఉన్న మేరా ఒక రంగు, తక్కిన మొహం ఇంకో రంగు. నవ్వితే నొప్పిట. ఇంట్లో అందరం వాడు నవ్వే మాటలే వెతుక్కుని మరీ మాట్లాడుతున్నాం.

సాయంత్రం మీ బురదలోంచి లేచొచ్చే ఆ సన్నటి దోమల్లాంటి పురుగుల సంగతి ఎక్కువ రాయను. అవి కుట్టవు. బతికేది కూడా నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులూ మా అత్తవారి వరండా లైటు కిందే ఎందుకు గడపాలి?

ఒక్క విషయంలో మాత్రం వెటకారం పక్కన పెట్టి రాస్తున్నాను, మామయ్యగారు కూడా మీ పక్షాన నిలబడని విషయమది. 15 డిగ్రీల లోపు నీళ్ళలో హఠాత్తుగా పడ్డవాళ్ళకి, గజ ఈతగాళ్ళకైనా సరే, గుండె నిండా ఒక్కసారిగా ఊపిరి దానంతటదే లోపలికి లాగేస్తుంది. ఆ క్షణాన నోరు నీళ్ళలో ఉంటే అంతే సంగతులు. మొదటి నిమిషం గండం ఊపిరిదే, ఒళ్ళు చల్లబడడం తర్వాతి మాట. అందుకని పడవ తాడు విప్పే ముందు ఆయన పిల్లల్ని వరసగా నిలబెట్టి లైఫ్ జాకెట్లు తొడుగుతారు. బకిల్స్ పెట్టడంతో సరిపెట్టరు. భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని పైకి గుంజి చూస్తారు. జాకెట్టు చెవుల దాకా లేచిందా, మళ్ళీ మొదటినుంచి పట్టీలు బిగించాల్సిందే. 'తాతయ్యా, ఊపిరాడట్లేదు' అని పెద్దవాడు గునిస్తే, 'మాట్లాడుతున్నావుగా, ఆడుతున్నట్టే' అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, 'మీరు కూడా రండి' అన్నారు. అల్లుడినన్న మర్యాద లేకుండా నన్నూ అలాగే గుంజి చూశారు.

ఇంతకీ నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం మీ చలి ఒక్కటే కాదు. మీకూ మా అత్తమామలకీ లోపాయకారీ ఒప్పందం ఏదో ఉందని నాకు గట్టి అనుమానం. మీ ఫోటో చూపించి పిల్లల్ని రప్పిస్తారు. వచ్చాక మీరు లోపలికి రానివ్వరు. ఇక పిల్లలు ఎక్కడికి పోతారు? తాతయ్యతో పేకాట, అమ్మమ్మ పక్కన కథలు, ఒడ్డున పలకరాళ్ళు ఏరి మీ మీదికి విసరడం. వారం గిర్రున తిరిగింది, ఫోను అడిగినవాడు లేడు. నీళ్ళు వెచ్చగా ఉండి ఉంటే పొద్దుగూకే దాకా మీలోనే మునిగి తేలేవాళ్ళు, పెద్దవాళ్ళకి దక్కేది తడి టవళ్ళు ఆరేసే పని మాత్రమే.

మీ ఒప్పందంలో రెండో భాగం నిన్న రాత్రి బయటపడింది. సామాను సర్దుతుంటే అత్తయ్యగారు ఏమీ ఎరగనట్టు, 'పాపం పిల్లలు ఈతే కొట్టలేదు. ఆగస్టులో రండి, నీళ్ళు వెచ్చబడతాయి' అన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మా ఆవిడ అప్పటికే కాలెండర్ తీసింది. మామయ్యగారు మాత్రం కిటికీలోంచి మీ వంక చూస్తూ మీసాల చాటున నవ్వుకున్నారు, నేను చూశాను.

సరే, లీవుకి పెట్టేశాను. ఆగస్టు మొదటి వారంలో థర్మామీటరు తాడుకి కట్టి మీలో ముంచుతాను. 22 డిగ్రీలకి ఒక్కటి తగ్గినా ఊరుకునేది లేదు.

ఇట్లు,
మీ ఒడ్డున ఇల్లున్న వారి అల్లుడు