తాకట్టు అని కాగితంపై రాసుకుంటే సరిపోదు

అమెరికాలో ప్రభుత్వ బడులు నడిపే స్థానిక సంస్థలైన స్కూల్ డిస్ట్రిక్టుల బాండ్లు (అప్పు పత్రాలు) కొనేవారికి ఒక భరోసా మాట పదేపదే అందుతోంది: "పన్నుల ఆదాయాన్ని తాకట్టు పెట్టారు. డిస్ట్రిక్టు దివాలా తీసినా ముందు మన వాయిదా చెల్లించాకే మిగతా ఖర్చులు." వినడానికి బాగుంది. ఇందులో నాలుగు వాదనలు కలగలిసి ఉన్నాయి.

"రాసిచ్చారు కాబట్టి చెల్లుతుంది." స్కూల్ డిస్ట్రిక్టు సొంత ఇష్టంతో ఏదీ తాకట్టు పెట్టే వీల్లేదు. ఆ అధికారం రాష్ట్ర చట్టం ఇవ్వాలి. ఇవ్వకపోతే బోర్డు తీర్మానం ఎంత గంభీరంగా ఉన్నా ఆ తాకట్టు నిలవదు.

"దివాలాలోనూ ఆదాయం మనదే." అసలు చిక్కు ఇక్కడే. దివాలా చట్టం 552వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం ద్వారా ఏర్పడిన తాకట్టు దివాలా పిటిషన్ తర్వాత వచ్చే ఆదాయానికి మామూలుగా వర్తించదు. చట్టమే స్వయంగా కల్పించిన తాకట్టుకు ఆ దెబ్బ తగలదు. రెండింటి మధ్య గీత ఎంత సన్ననిదో 1994 డిసెంబరులో దివాలా తీసిన కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ చూపింది. పన్నులు వసూలయ్యేలోగా ఖర్చుల కోసం ఆ కౌంటీ స్వల్పకాలిక నోట్లు (కొద్ది కాలపు అప్పు పత్రాలు) అమ్మి, రాబోయే ఆదాయాన్ని తాకట్టు పెట్టింది. ఇది ఒప్పందపు తాకట్టే, దివాలాతో ఆగిపోయిందని దివాలా కోర్టు తేల్చింది. కాదు, నోటు జారీ కాగానే చట్టమే తాకట్టును పుట్టించిందని 1995లోనే దానిపై అప్పీలు విన్న ఫెడరల్ జిల్లా కోర్టు ఆ తీర్పును తిరగరాసింది. నోట్లు అవే, చట్టం అదే, తీర్పులు మాత్రం రెండు! ఆ రాష్ట్రంలో స్కూల్ డిస్ట్రిక్టులు ఇలాంటి నోట్లు జారీ చేసేది కూడా ఆ చట్టం కిందే.

కాలిఫోర్నియా వరకు ఈ భరోసా మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. ఓటర్లు ఆమోదించిన సాధారణ బాధ్యతా బాండ్లకు (పన్ను వేసి తీరుస్తామన్న హామీతో తెచ్చే అప్పులకు), వాటి కోసం వేసిన పన్నుపై చట్టబద్ధమైన తాకట్టు దానంతటదే ఏర్పడుతుందని 2015లో ఆమోదించిన చట్టం చెప్పింది. అది 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే రక్షణ ఉందనుకుంటే పొరపాటు.

"ఆస్తి పన్ను కాబట్టి అది ప్రత్యేక ఆదాయమే." ప్రత్యేక ఆదాయానికి, అంటే ఫలానా ప్రాజెక్టు లేదా సేవ నుంచి, లేదా దాని కోసమే వేసిన పన్ను నుంచి వచ్చే రాబడికి, దివాలా చట్టం అదనపు రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ సాధారణ అవసరాల కోసం వేసే ఆస్తి పన్నును ఆ నిర్వచనం నుంచి స్పష్టంగా తప్పించింది. ఫలానా ప్రాజెక్టు కోసమే ప్రత్యేకంగా విధించిన పన్ను అయితేనే వాదించడానికి ఆస్కారం ఉంటుంది.

"ఆలస్యం కాకుండా అందుతుంది." తాకట్టు నిలవడం వేరు, వాయిదా సమయానికి చేతికి రావడం వేరు. దివాలా పిటిషన్ పడగానే వసూళ్లపై స్టే వస్తుంది. చట్టబద్ధ తాకట్టు ఉన్నవారికీ అది వర్తిస్తుంది. ప్రత్యేక ఆదాయానికి ఈ స్టే నుంచి మినహాయింపు ఉన్నా, దాని అర్థం చెల్లించి తీరాలని కాదని, చెల్లిస్తే అడ్డు లేదని మాత్రమేనని 2019 మార్చిలో అమెరికా అధీన ప్రాంతమైన ప్యూర్టోరికో రహదారుల బాండ్ల కేసులో ఫస్ట్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. పైగా అన్ని డిస్ట్రిక్టులూ దివాలా కోర్టుకు వెళ్లలేవు. దానికి రాష్ట్రం ప్రత్యేకంగా అనుమతించి ఉండాలి. అనుమతి లేని చోట, చెల్లించని డిస్ట్రిక్టుపై బాండుదారులు దావా వేసి, పన్ను వసూలు చేయాలన్న ఆదేశం కోరాల్సిందే.