సమోవా పేరెత్తితే పూర్తిగా చెప్పండి

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట కాలేజీ ఫ్రెండు, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపు, నిన్న మా పిన్ని రెండుసార్లు. "పేద దేశాల పిల్లల మీద టీకాల ప్రయోగాలు! అందరికీ పంపండి" అని.

టీకాలో చిప్ ఉంటుందట. మా లిఫ్టులోనే సిగ్నల్ రాదు, వదిలేయండి.

అన్నీ విదేశీయులు మనమీద రుద్దే సరుకట. పసిపిల్లల విరేచనాలకు అడ్డుకట్టగా వేసే రోటావాక్ టీకా చుక్కలు తయారయ్యేది హైదరాబాద్‌లో. ఆఫ్రికా పిల్లలకు వేస్తున్న ఆర్21 మలేరియా టీకా తయారయ్యేది పుణెలో. ఎవరు ఎవరిమీద రుద్దుతున్నట్టు?

అసలు విషం మూడో పాయింటులో ఉంది. "సమోవాలో తట్టు టీకాకు ఇద్దరు పసివాళ్లు బలి, ప్రభుత్వమే ఆపేసింది." సమోవా పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న ద్వీప దేశం. అక్కడ 2018 జూలైలో ఇద్దరు చనిపోయిన మాట నిజం. ఆ టీకా పొడి రూపంలో వస్తుంది, వేసేముందు నీళ్లు కలపాలి. నర్సులు నీళ్లనుకుని, ఆపరేషన్లప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే మందు కలిపారు. అదీ గడువు తీరింది. కోర్టులో తప్పు ఒప్పుకుని జైలుకెళ్లారు. ప్రభుత్వం మాత్రం టీకానే నెలల తరబడి ఆపేసింది. తల్లులు హడలిపోయారు. ఆ తర్వాతి కథ మెసేజ్‌లో ఉండదు. 2019 చివర్లో తట్టు వచ్చిపడింది. రెండు లక్షల జనాభాలో 83 మంది పోయారు, ఎక్కువమంది ఐదేళ్ల లోపు వాళ్లే. డిసెంబరులో రెండు రోజులు దేశాన్నే మూసేసి, టీకా వేయించుకోనివాళ్లున్న ఇళ్లముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. ఆ గుడ్డలు చూసుకుంటూ ఇంటింటికీ వెళ్లి టీకాలు వేశారు. రాసిన మహానుభావుడికి 2018 దాకానే క్యాలెండర్ ఉన్నట్టుంది.

"తట్టు మాకూ వచ్చింది, ఏమైంది?" అట. పోయినవాళ్లు ఫార్వర్డులు పంపరు కదండీ.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. 'ప్రయోగం' అన్న అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు, వేల సమ్మతి పత్రాల మీద అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు పెట్టేశారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయినా అడగకుండా వేయడం తప్పే. అక్కడి తల్లి ఇవాళ్టికీ భయపడితే నేనేమీ అనను.

కానీ పిన్నీ, 2023లో ప్రపంచంలో ఒక్క టీకా కూడా అందని పసివాళ్లు 1.45 కోట్ల మంది. ఎక్కువమంది పేద దేశాల్లో, యుద్ధాలు జరిగే చోట్ల ఉన్నవాళ్లు. అంత పకడ్బందీగా ప్రయోగాలు చేసేవాళ్లు వీళ్లందరినీ ఎలా మర్చిపోయారో, నీకు ఆ మెసేజ్ పంపినవాళ్లను ఒకసారి అడుగు.