ఆ గదిలో మనవాళ్లు కూడా కూర్చోవాలి

రెండేళ్ల కిందట, కార్తీక మాసం వానల్లో, నా దగ్గర చదువుకున్న ఒక పిల్లాడి తల్లి ఉత్తర చెన్నై కొరుక్కుపేటలో మా ఇంటికొచ్చింది. ఆమె కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేస్తుంది. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి చెన్నపట్నం వచ్చిన కుటుంబం. చేతిలోని ప్లాస్టిక్ సంచిలోంచి మూడు వందల పేజీలు దాటిన బౌండు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కొడుకు మీద గూండా యాక్ట్ పెట్టి పుళల్ జైలుకు పంపారు. ఎందుకు పెట్టారో చెప్పే కాగితాలవి. కొన్ని తమిళం, కొన్ని ఇంగ్లీషు. చాలా పేజీల్లో జిరాక్స్ అలుక్కుపోయి అక్షరం ఆనడం లేదు.

"టీచరమ్మా, మావాడు ఏం చేశాడని రాశారో కాస్త చదివి చెప్పండి" అంది.

రెండు గంటలు చదివాను. పిల్లాడికి 20 ఏళ్లు. పక్క పేట గ్యాంగు వాడిని కత్తితో పొడిచిన కేసులో నాలుగో ముద్దాయి. ఆమె వింటూ వింటూ ఒకచోట నన్ను ఆపి, "ఇప్పుడు ఆ గ్యాంగువాళ్లు మావాడిని చంపడానికి స్కెచ్ వేశారటమ్మా" అంది. ఎవరు, ఎక్కడ కాపు కాస్తారు, అన్నీ ఆమెకు తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. ఆ మాట అడగడానికి మాత్రం ఏ ఆఫీసు నుంచీ ఎవరూ రాలేదు.

గూండా యాక్ట్ అని మనం పిలిచేది తమిళనాడు 1982లో చేసిన చట్టం. విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల ఉంచవచ్చు. ఆ ఏడాది వీధి ప్రశాంతంగా ఉంటుందన్న మాట నిజమే. నేనూ అదే వీధిలో ఉంటాను, నాకూ ఆ ప్రశాంతత కావాలి. కానీ ఆ తల్లి తెచ్చిన పుస్తకం సంగతి చూడండి. ఎనిమిదో నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కారణం ఆ మసకబారిన పేజీలే, చదవలేని కాగితాలిస్తే వాడు జవాబు చెప్పుకోలేడు కదా. పిల్లాడు బయటికొచ్చిన రోజు జైలు గేటు దగ్గర అమ్మ కంటే ముందు పాత స్నేహితులు రెండు బైకుల మీద నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లొచ్చిన పేరు వాడికి పేటలో గౌరవమైంది.

మా అమ్మాయి బోస్టన్‌లో ఉంటుంది. ఆ ఊరి కథ అక్కడికి వెళ్లినప్పుడే విన్నాను. 1990లో అక్కడ 152 హత్యలు జరిగాయి, ఎక్కువగా తుపాకులతో. 1992లో ఒక చర్చిలో, చనిపోయిన కుర్రాడి అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగానే, ఇంకో కుర్రాడిని పొడిచారు. ఆ దెబ్బతో పాస్టర్లు కలిసి సంఘంగా ఏర్పడి, రాత్రిపూట వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు. లెక్కలు తీస్తే తేలిందేమిటంటే, ఊరి యువతలో నూటికి ఒక్కరు కూడా లేని గ్యాంగుల చుట్టూనే యువకుల హత్యల్లో కనీసం 60 శాతం తిరుగుతున్నాయి.

1996లో ఆపరేషన్ సీజ్‌ఫైర్ మొదలైంది. గ్యాంగు కుర్రాళ్లను ఒక గదికి పిలిచారు. ఎదురుగా పోలీసులు, ప్రభుత్వం తరఫున కేసు వాదించే ప్రాసిక్యూటర్లు, పాస్టర్లు, పని ఇప్పించగలవాళ్లు. ఒక్క తూటా దొరికినందుకు 19 ఏళ్ల 7 నెలల శిక్ష పడిన ఒకడి పోస్టర్ చూపించారు. ఇక మీలో ఒక్కడు కాల్చినా గ్యాంగు మొత్తం మీద చట్టం పడుతుంది, మానుకుంటే చదువుకూ పనికీ మేం తోడుంటాం, అని మొహం మీదే చెప్పారు. యువకుల హత్యలు 63 శాతం తగ్గాయని తర్వాత అధ్యయనం తేల్చింది. 2000లో దాన్ని వదిలేశారు, హత్యలు మళ్లీ పెరిగాయి. ఈ చివరి ముక్కే నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు.

మన దగ్గర తుపాకీ తక్కువ, కత్తీ నాటు బాంబూ ఎక్కువ. పగ మాత్రం ఒకటే. 2024 జులై 5న పెరంబూరులో బీఎస్పీ రాష్ట్ర అధ్యక్షుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఇంటి దగ్గరే నరికేశారు. ముందటి ఏడాది జరిగిన ఇంకో హత్యకు ఇది బదులని పోలీసులు మొదట్లో చెప్పారు. తొమ్మిది రోజులకు ముద్దాయిల్లో ఒకడు ఎన్‌కౌంటర్‌లో పోయాడు. మా వీధిలో కొందరు సంతోషించారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ లెక్కలో ఇంకో తల్లి చేరింది.

మన ప్రాసిక్యూటర్ కుర్రాడిని మొదటిసారి చూసేది బెయిల్ ఇవ్వొద్దని చెప్పేటప్పుడు. అప్పటికే ఆలస్యం. కానీ పిల్లల్ని ముందే పిలిచే దారి మన చట్టంలోనే ఉంది. ఇక గొడవల జోలికి పోనని రాసిచ్చే సత్ప్రవర్తన బాండ్ కోసం మన కుర్రాళ్లను పిలుస్తూనే ఉంటారు. సంతకం పెట్టించి పంపేస్తారు. ఆ రోజే అక్కడ ప్రభుత్వ ప్రాసిక్యూటర్ కూర్చుని ఏ సెక్షన్‌కు ఎన్నేళ్లో వాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. పక్కన వాడికి పాఠం చెప్పిన టీచరు, ఉచిత న్యాయ సేవల లాయరు, కొడుకును పోగొట్టుకున్న ఒక అమ్మ ఉండాలి. పోలీసులు 2022లో బడి పిల్లల కోసం మొదలుపెట్టిన ‘సిర్పి’ కార్యక్రమం మంచిదే. నేను చెప్పేది బడి మానేసిన 19 ఏళ్లవాడి గురించి.

ఎవరెవరిని పిలవాలో జాబితా రాయడమంటే నాకూ భయమే. పేట పేరు, కులం చూసి అమాయకుడి పేరు ఎక్కించడం ఎంత సులువో మా వీధికి బాగా తెలుసు. అందుకే ఆ గదిలో బయటివాళ్లు ఉండాలంటున్నాను.

సాక్షుల సంగతి ఇంకా కష్టం. చూసినవాళ్లు కోర్టులో "నాకేం తెలియదు" అంటారు. వాళ్లను నేను తప్పుపట్టను, రాత్రికి అదే వీధిలో పడుకోవాలి కదా. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా జడ్జి అధ్యక్షుడు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శి. దరఖాస్తు పెడితే పోలీసు కాపలా నుంచి ఇల్లు మార్పించడం దాకా అడగవచ్చు. మా పేటలో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ అలాంటిది ఉందనే తెలియదు. తెలుగులో చెప్పినవాళ్లు లేరు.

మన తెలుగు సంఘం ఉగాదికి కవి సమ్మేళనం పెడుతుంది, పొట్టి శ్రీరాములు గారికి దండ వేస్తుంది. వాటిని ఆపమని అనను. కానీ ఉత్తర చెన్నైలో తెలుగే మాట్లాడే వందల ఇళ్లకు పోలీసు కాగితం వస్తే చదివి చెప్పే దిక్కు లేదు. మన సభ్యుల్లో లాయర్లున్నారు, రిటైరైన ప్రభుత్వ అధికారులున్నారు, నాలాంటి టీచర్లున్నారు. ఆ సాక్షి దరఖాస్తు ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేయించి ఇంటింటికీ ఇవ్వగలం. బాండ్ రోజున మాకూ కుర్చీ వేయండని పోలీసు కమిషనర్ ఆఫీసుకు సంఘం లెటర్‌హెడ్ మీద అడగగలం. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఆ ఉత్తరం ముసాయిదా పెడుతున్నాను, సంతకాలు కావాలి.

ఈలోగా ఆదివారం సాయంత్రం 5 గంటల నుంచి మా వరండాలో కాగితాలు చదివి చెబుతున్నాను. కిందటి వారం నలుగురు తల్లులు వచ్చారు. తమిళం, ఇంగ్లీషు రెండూ చదవగలిగినవాళ్లు ఇంకొకరు తోడైతే వాళ్లను త్వరగా ఇంటికి పంపగలను.