కొత్త ఫ్లాట్ కొనే ముందు పాత ఫ్లాట్ గోడల్లో ఏముందో చూసుకోండి

ఈ మధ్య మా కూకట్‌పల్లి వైపు ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా భోజనాల దగ్గర ఒకటే టాపిక్, "ఇంకా ఆ పాత ఫ్లాట్‌లోనే ఉన్నారా, అమ్మేసి కోకాపేట సైడో కొల్లూరు సైడో తీసుకోవచ్చు కదా" అని. మాది 1999లో కట్టిన అపార్ట్‌మెంట్, 1,050 అడుగుల ఫ్లాట్. నేనూ రెండేళ్ళు అదే ఆలోచనతో ప్రతి ఆదివారం సైట్లు చూస్తూ తిరిగాను, చివరికి ఒక రోజు కూర్చుని లెక్క రాసుకుంటే అసలు విషయం అర్థమయ్యింది.

కోటీ ఇరవై లక్షల ఫ్లాట్ అనుకోండి, ఇంకా కడుతున్నది. రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం అంటే 9 లక్షలు, జీఎస్టీ 5 శాతం అంటే 6 లక్షలు. మొత్తం 15 లక్షలు, ఇందులో ఒక్క రూపాయి కూడా గోడగానో తలుపుగానో మన చేతికి రాదు. 80 లక్షలు లోన్ తీసుకుంటే 8 శాతం వడ్డీకి 20 ఏళ్ళకి ఈఎంఐ దాదాపు 67 వేలు. 2025లో ఆర్‌బీఐ రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి 5.25కి దింపింది కాబట్టి వడ్డీలు తగ్గిన మాట నిజమే, కానీ రేట్లు ఎక్కిన ఎత్తు ముందు ఆ తగ్గింపు ఎంతని.

రేట్లు ఎందుకెక్కాయో కూడా చూడండి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైమాటే. మన హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్ఎస్ఐ లిమిట్, అంటే స్థలాన్ని బట్టి ఇన్ని అడుగులే కట్టాలనే హద్దు, లేదు, రోడ్డు వెడల్పూ సెట్‌బ్యాకులూ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) చూసుకుని పైకి వెళ్ళిపోవడమే, కాబట్టి ఆ ఎకరంలో నాలుగు లక్షల అడుగులు కట్టారనుకుందాం, సిమెంట్ బస్తా దిగకముందే అడుగుకి 2,500 భూమికే అయిపోయింది. ఇంకో సంగతి, 2,000 అడుగుల ఫ్లాట్లు 200 వేస్తే ఒక్కో ఫ్లాట్‌కి వచ్చే యూడీఎస్, అంటే కింది నేలలో విడదీయని వాటా, 24 గజాలు. మా పాత ఫ్లాట్ డాక్యుమెంట్లో 42 గజాలుంది! బిల్డింగ్ ఏటికేడు పాతబడుతుంది, పెరిగేది కింద ఉన్న నేల. ఆ నేలని మన ఒక్కళ్ళమే అమ్ముకోలేం, ఓనర్లందరూ ఒప్పుకుని రీడెవలప్‌మెంట్‌కి ఇచ్చిన రోజే దానికి పూర్తి విలువ, అది నిజమే, అయినా వదులుకునే ముందు ఆ కాగితం తీసి ఒకసారి చదవమని చెప్తాను.

అందుకే ఉన్న ఇంటినే బాగు చేసుకుందాం అనుకున్నాం. ఇంటీరియర్ వాళ్ళని పిలిస్తే వచ్చిన ప్రతి కొటేషన్‌లోనూ మొదటి లైను ఫాల్స్ సీలింగే, తర్వాత టీవీ యూనిట్, తర్వాత హాల్లో ప్యానెలింగ్. మా ఇంట్లో అసలు బాధ బాత్రూమ్‌లో ఉంది. అమ్మకి డెబ్బై రెండేళ్ళు, రెండంగుళాల గడప దాటుతూ ఒకసారి జారింది, దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు, కానీ తలుపు లోపలికి తెరుచుకునేది కావడంతో అమ్మ దానికి అడ్డంగా పడి ఉంటే బయటినుంచి తొయ్యలేక పది నిమిషాలు పట్టింది నాకు. ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను. కొటేషన్లన్నీ పక్కన పెట్టేసి బాత్రూమ్ నుంచే మొదలుపెట్టాం.

ప్లంబర్ గోడ టైల్స్ పగలగొట్టి పాత జీఐ (ఇనుప) పైపు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. బయటినుంచి ముప్పావు ఇంచు పైపు, లోపల తుప్పూ బోరు నీళ్ళ ఉప్పూ పేరుకుపోయి పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది. ఇన్నేళ్ళూ ప్రెజర్ లేదని మోటర్‌ని తిట్టుకున్నాం. పైపులన్నీ తుప్పు పట్టని సీపీవీసీ ప్లాస్టిక్‌కి మార్చి, కిందంతా తవ్వించి వాటర్ ప్రూఫింగ్ చేయించి, నీళ్ళు నిలబెట్టి 48 గంటలు వదిలేసి కింది ఫ్లాట్ అంకుల్ వాళ్ళ సీలింగ్ రోజూ వెళ్ళి చూసొచ్చాం, చెమ్మ దిగలేదని తేలాకే టైల్స్ వేశాం. ఈ రెండు రోజులు ఆగడానికి మేస్త్రీలు ఒప్పుకోరు, పని అయిపోవాలంటారు, మీరు మాత్రం పట్టుబట్టండి. గడప తీసేసి చిన్న వాలు ఇచ్చాం, జారని టైల్స్, కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం.

తర్వాత కరెంటు. తొంభైల్లో కట్టిన ఇళ్ళలో మూడు ఏసీలు, గీజర్లు, ఇండక్షన్ పొయ్యి ఉంటాయని ఎవరూ అనుకోలేదు. ఏసీలకి విడిగా 4 ఎంఎం వైరు, లోడెక్కువైతే కరెంటు ఆపేసే కొత్త ఎంసీబీలు, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. రంగులు వేశాక ఇది గుర్తొస్తే గోడలన్నీ మళ్ళీ చెక్కాలి.

వంటిల్లు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఓపెన్ కిచెన్ మన వంటకి పనికిరాదు, ఎండుమిరపకాయల పోపు పెడితే ఎంత చిమ్నీ ఉన్నా ఘాటు బెడ్రూమ్ దాకా వస్తుంది. ప్లాట్‌ఫామ్ ఎత్తు వండే మనిషి నడుముని బట్టి కొలవాలి, బ్రోచర్‌ని బట్టి కాదు. సింకు కింద మాత్రం నీళ్ళకి తట్టుకునే 710 గ్రేడ్ ప్లైవుడ్ తప్ప ఇంకేమీ వద్దు, ఎండీఎఫ్ (చెక్క పీచు అతికించి చేసిన బోర్డు) వేస్తే రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. హాల్లో మొజాయిక్ ఫ్లోరింగ్ తీసేద్దాం అన్నారు అందరూ, పాలిష్ పట్టిస్తే అద్దంలా వచ్చింది, ఉంచేశాం. పగలగొట్టిన మలబా ఏ చెరువు గట్టునో పారబోసే ట్రాక్టర్‌కి ఇవ్వకండి, ఆ చెత్తని తీసుకునే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి.

మొత్తం మాకు 11 లక్షలు అయింది, కొత్త ఫ్లాట్ పన్నుల కంటే తక్కువ. ఇక్కడ ప్రభుత్వం మీద నాకో కంప్లైంట్ ఉంది. పాత ట్యాక్స్ విధానంలో సొంతింటికి ఇల్లు కొన్న లోన్ వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు, రిపేర్ల లోన్ అయితే 30 వేలే, కొత్త విధానంలో అదీ లేదు. ఉన్న ఇల్లు కాపాడుకునేవాళ్ళకి ఇంత చిన్నచూపు ఎందుకు? ఆ 30 వేలు పెంచాలి.

అన్ని పాత ఇళ్ళకీ ఈ సలహా పనికిరాదు. పార్కింగ్‌లో పిల్లర్ల పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనపడుతుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాలి, ఆయన సరే అనేదాకా లోపల ఒక్క టైలు కూడా మార్చొద్దు. అనుమతి లేని ఫ్లోర్‌లో ఉంటే కూడా పెద్ద ఖర్చు పెట్టకండి. పాత ఇండిపెండెంట్ ఇళ్ళలో అయితే గోడలే స్లాబ్‌ని మోస్తుంటాయి, హాల్ పెద్దది చేద్దామని గోడ తీస్తే ప్రాణాల మీదకొస్తుంది.

ఇంకో సంగతి, మన ఫ్లాట్ లోపల ఎంత చేసుకున్నా బాత్రూముల వెనక షాఫ్ట్‌లో దిగే డ్రైనేజీ పైపులు అందరివీ. మా బిల్డింగ్‌లో అవి కూడా 1999వే, రెండు చోట్ల పగిలి గోడంతా పాకుడు పట్టింది. పదిహేను ఫ్లాట్లలో పదకొండు మంది డబ్బులిస్తామన్నారు, మిగతా నలుగురిలో ముగ్గురు ఇక్కడ ఉండరు, అద్దెలకిచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళకి షాఫ్ట్ ఫోటోలు తీసి పంపాను, వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో మీటింగ్ పెట్టుకున్నాం, వానలు మొదలయ్యేలోపు పని మొదలుపెట్టాలి.