అంకోర్‌వాట్‌కి ఒక్క పూటేనా?

వేసవి సెలవులు దగ్గరపడితే చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒకటే చర్చ, ఈసారి ఎన్ని దేశాలు కవర్ అవుతాయని. వియత్నాం, కంబోడియా, కుదిరితే బ్యాంకాక్ కూడా, అన్నీ వారంలోనే. అలాంటి ప్యాకేజీ షెడ్యూల్ ఒకటి నిదానంగా చదివి చూడండి. కంబోడియాలోని అంకోర్‌వాట్ గుడికి తరచుగా ఒక పూటే ఉంటుంది. తెల్లవారుజామున సూర్యోదయం ఫొటో, హోటల్‌కొచ్చి టిఫిన్, దగ్గర్లోనే ఉన్న తా ప్రోమ్ గుడిలో చెట్టు వేళ్ల దగ్గర ఇంకో ఫొటో, మధ్యాహ్నానికి ఇండియన్ భోజనం, షాపింగ్. సూటిగా చెబుతున్నాను, ఇలా వెళ్లడం డబ్బు దండగ. ఆ గుడిని మనంత సులువుగా చదవగలిగినవాళ్లు ప్రపంచంలో ఎక్కువమంది లేరు, అయినా మనమే గబగబా దాటి వచ్చేస్తున్నాం.

12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి అది. కింది మండపం గోడల మీద దాదాపు 800 మీటర్ల పొడవున శిల్పాలున్నాయి. పడమటి గోడకి ఒకవైపు కురుక్షేత్రం, అందులో అంపశయ్య మీద భీష్ముడు. రెండోవైపు లంకా యుద్ధం, హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు. తూర్పున క్షీరసాగర మథనం, కింద కూర్మం, పైన మందరగిరి, రెండు పక్కలా వాసుకిని లాగుతున్న దేవతలూ అసురులూ. యూరప్ నుంచి వచ్చినవాళ్లు గైడ్‌బుక్ చూసుకుంటే తప్ప రావణుడెవరో తెలియదు. మన ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్ల పది తలలు చూడగానే చెప్పేస్తుంది. ఇంకో సంగతి, ఇక్కడి శిల్పాల వరుస అప్రదక్షిణంగా నడుస్తుంది, మన అలవాటు కొద్దీ లోపలికెళ్లి ఎడమకి తిరిగితే అంతా వెనక నుంచి చూసినట్టవుతుంది. గుడి ముఖం కూడా పడమరకే. చాలామంది పండితులు దీన్ని రాజు అంత్యక్రియలతో ముడిపెడతారు, పడమర విష్ణువు దిక్కు కాబట్టి అలా కట్టారనేవాళ్లూ ఉన్నారు. ఇలా ఎందుకు కట్టారన్న ప్రశ్న మన అమ్మమ్మలకు అక్కడ అడుగుపెట్టగానే వస్తుంది, కానీ గోడ ముందు ఆగే టైమే ఇవ్వరు.

పడమర ముఖం వల్ల ఇంకోటి కూడా జరుగుతుంది. పొద్దున సూర్యుడు గుడి వెనకుంటాడు కాబట్టి నల్లటి గోపురాల ఫొటో వస్తుంది, అంతే. కురుక్షేత్రం గోడ మీద వెలుగు పడేది మధ్యాహ్నం దాటాకే, అప్పటికి మన బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

టికెట్ లెక్క చూసినా ఒక పూట వ్యవహారం నష్టమే. 2017లో పెంచిన ధరల ప్రకారం ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. అంటే రెట్టింపు కూడా కాదు, పైగా ఆ మూడు రోజుల్నీ పది రోజుల వ్యవధిలో విడివిడిగా వాడుకోవచ్చు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. ఎండ మన చెన్నై ఎండే, ఒకే రోజు అన్నీ తిప్పితే పెద్దవాళ్లు తట్టుకోలేరు. శిల్పాలున్న మండపానికి పైకప్పు ఉంది, నీడలో మెల్లగా నడవచ్చు. పై అంతస్తు మెట్లు మాత్రం బాగా నిటారు, వాటి కోసం టెన్షన్ పడక్కర్లేదు, అవి ఎక్కకపోయినా అసలు చూడాల్సింది కిందే ఉంది.

"గుళ్లు చూడ్డానికి అంత దూరమా, మనకి కంచి లేదా?" అనే మాట మన ఇళ్లలో తప్పకుండా వస్తుంది. ఉంది, నిజమే. మరి కంచిలో మనం చూస్తున్నదేంటి? కామాక్షి, వరదరాజస్వామి, పట్టుచీరలు, తిరుగు ప్రయాణం. 8వ శతాబ్దంలో పల్లవ రాజు రెండో నందివర్మ కట్టించిన వైకుంఠ పెరుమాళ్ గుడికి వెళ్లేవాళ్లు తక్కువ. దాని చుట్టు మండపం గోడల మీద పల్లవ రాజుల చరిత్రే వరుసగా చెక్కి ఉంది, పట్టాభిషేకాలు, యుద్ధాలు, రాయబారాలు. అంకోర్‌వాట్ దక్షిణపు గోడ మీద సూర్యవర్మ కొలువుదీరిన దృశ్యం, సైన్యంతో ఊరేగింపు ఉన్నాయి. ఒక ఆదివారం కంచిలో ఆ గోడలు చూసి, తర్వాత ఇవి చూస్తే, దేవుడి ఇంట్లో రాజు తన కథ ఎందుకు చెక్కించుకున్నాడన్న ప్రశ్న రెండు గుళ్ల గురించీ ఒకేసారి వస్తుంది. కంచి ఉందని అంకోర్ మానెయ్యక్కర్లేదు. కంచి చూసినవాళ్లకే అంకోర్ ఎక్కువ దక్కుతుంది.

కాబట్టి ఏజెంట్‌తో బేరమాడేటప్పుడు బ్యాంకాక్ తీసేయమనండి, అంకోర్ పక్క ఊరైన సియెమ్ రీప్‌లో మూడు రాత్రులు పెట్టమనండి, లైసెన్స్ ఉన్న గైడ్‌ని అడగండి. ఆ గైడ్‌కి ముందే చెప్పండి, రామాయణం మాకు తెలుసు, మీ రాజుల సంగతీ మీ చెరువుల సంగతీ చెప్పండని. వెస్ట్ బారాయ్ అని 11వ శతాబ్దపు చెరువుంది, సుమారు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు, మనుషులు కట్టలు పోసి కట్టింది. 14, 15 శతాబ్దాల్లో తీవ్రమైన కరువులూ, మధ్యలో ముంచెత్తిన వానలూ కలిసి ఇలాంటి చెరువులతో నడిచిన అంకోర్ నీటి వ్యవస్థని దెబ్బతీశాయని పరిశోధకులు చెబుతున్నారు. 2015లో వరదనీ, 2019లో ఎండిన చెంబరంబాక్కం చెరువునీ చూసిన చెన్నైవాళ్లకి అక్కడ అడగడానికి బోలెడు ప్రశ్నలుంటాయి.